నా పేరున నానిన సున్నం

చైనాలో ఒక ముసలామె ఇంటి గోడను నాలుకతో రుచి చూసినవాణ్ణి నేను. దొంగచాటుగానే చూశాను, అయినా పట్టుబడ్డాను, చివరికి ఆ ఇంట్లోనే కడుపునిండా తిని బయటపడ్డాను. తిరిగొచ్చాక ఈ సంగతి చెబితే మా ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. మా వదిన మాత్రం చాటలో బియ్యం ఏరుకుంటూ, తల కూడా ఎత్తకుండా, సున్నపు మేస్త్రి ఇంట్లో పుట్టినవాడికి గోడ కనబడితే నాలుక ఊరుకుంటుందా అంది. ఆమె అన్నది నిజమే. కానీ ఆ గోడ సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంటి సంగతి చెప్పాలంటే పెరట్లో మేం స్నానం చేసే బండ దగ్గర మొదలుపెట్టాలి.

మాది మేళ్లచెరువు దగ్గర పల్లె. తెలంగాణ వచ్చాక జిల్లాలు విడగొట్టి మమ్మల్ని సూర్యాపేటలో కలిపారు. కాగితాల మీద అలాగే రాస్తాను గాని, ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే నోటికి నల్లగొండ అనే వస్తుంది. మా దిక్కు భూమిని ఎక్కడ గీరినా సున్నపురాయే. ఇప్పుడు ఆ రాయి అంతా సిమెంటు ఫ్యాక్టరీలకు పోతున్నది. నా చిన్నప్పుడు దాని మీద మా బాపులాంటి వాళ్లు బతికేవారు. బాపు అంటే మా నాన్న, డంగు సున్నం మేస్త్రి. రాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, గుంతలో నెలల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే రాతి గానుగలో మెత్తగా రుబ్బించి, అప్పుడు గోడకు పట్టించేవాడు. ఆ పైన గులకరాయి పట్టుకొని పొద్దంతా రుద్దితే గోడలో మన మొహం కనబడేది. చుట్టుపక్కల పది ఊళ్లలో పెద్ద ఇళ్లవాళ్లు బాపు కోసం మనిషిని పంపేవారు. ఆయన మాత్రం గుంతలో సున్నం నానలేదంటే కదిలేవాడు కాదు. పిలిచినవాడు పటేలైనా సరే, ఇంకో నెల ఆగాలని చెప్పి పంపేసేవాడు.

సున్నం విరిచే పూట మాకు పండుగలాంటిది. కాలిన రాళ్ల మీద బాపు కుండలతో నీళ్లు పోస్తుంటే అవి మొదట ఏమీ ఎరగనట్టు ఊరుకునేవి. తర్వాత ఒక్కసారిగా పగిలి, కుతకుత ఉడికి, ఇంత ఎత్తు ఆవిరి లేచేది. కుక్కలు తోక ముడిచి పరుగెత్తేవి. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు, కళ్లు పోతాయని అవ్వ, అంటే మా అమ్మ, గుంజకు కట్టేసినంత పని చేసేది. ఆ ఘాటు వాసనతో పాటు గానుగ దగ్గర నానిన కరక్కాయల వగరు వాసన, బెల్లం పానకం వాసన కలిసి ఇల్లంతా నిండేవి. గోడ గట్టిపడడానికి సున్నంలో బెల్లం నీళ్లు కలుపుతారు. గోడకు పోవలసిన బెల్లంలో పావు వంతు మా అన్న నోట్లోకి, నా నోట్లోకి పోయేది. పని పూర్తయ్యాక ఏ గోడకైనా పగులు కనబడితే బాపు మా ఇద్దరి మొహాలూ చూసేవాడు.

నునుపు పూతకు కోడిగుడ్ల తెల్లసొన కావాలి. అందుకని పని ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పచ్చసొన కూరే. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి అవ్వ పెద్ద మూకుడు నిండా వండేది. గుడ్డులో తెల్లది గోడలకు, పచ్చది మనుషులకు దేవుడు పెట్టాడని నేను చాలా ఏళ్లు నమ్మాను. హాస్టల్లో చేరిన మొదటి వారం ఉడికిన గుడ్డు పెడితే, తెల్లదంతా ఒలిచి పళ్లెం పక్కన పెట్టి పచ్చసొన తిన్నాను. పక్కన కూర్చున్నవాడు ఎందుకు పారేస్తున్నావని అడిగితే, గోడకు దాచుతున్నానని చెప్పాను. పదో తరగతి అయిపోయేదాకా నన్ను 'గోడ' అనే పిలిచారు.

సున్నం పండిందో లేదో తేల్చేది మా అవ్వ. ఆమెకు తమలపాకు లేకుండా పూట గడవదు. బాపు గుంత మూత తీసి వేలి కొసన ఇంత సున్నం తెచ్చి ఆమెకిచ్చేవాడు. ఆమె ఆకుకు రాసుకొని, వక్క వేసుకొని, కళ్లు మూసుకొని నమిలేది. ఇంటిల్లిపాదీ ఆమె దవడలకేసి చూస్తూ నిలబడేవాళ్లం. "దీనికింక కోపం పోలేదురా" అనేది. అంటే నాలుక పొక్కుతున్నదన్నమాట. బాపు వెంటనే మూత పెట్టేసేవాడు. ఒక్కోసారి ఆమె ఏమీ అనకుండా నములుతూనే ఉండేది. అప్పుడు బాపు గానుగకు ఎద్దులు కట్టేవాడు. అన్నకూ నాకూ ఈ విద్య అక్కడే అబ్బింది. ఆకూ వక్కా మాకివ్వరు గనుక, అవ్వ చూడనప్పుడు పాత గోడల నుంచి రాలిన పెళ్లలు నాలుక మీద పెట్టుకొని, పెద్ద తెలిసినవాళ్లలాగా కళ్లు మూసుకొని తల ఊపేవాళ్లం.

ఇక బండ సంగతి. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంట్లో పిల్ల పుట్టినా పిలగాడు పుట్టినా, ఆ ఏడు బాపు వేరే ఒక గుంత తవ్వి, మంచి రాయి చూసి కాల్చి, సున్నం విరిచి అందులో పోసేవాడు. పైన తాటాకులు, ఇసుక కప్పి, దాన్ని ఆ బిడ్డ పేరున వదిలేసేవాడు. బిడ్డ పెద్దయి ఇల్లు కట్టుకున్న నాడే దాన్ని తవ్వాలి. ఇరవై ఏళ్లు నానిన సున్నం వెన్నలాగా ఉంటుందని ఆయన నమ్మకం. ఎండిందా రాయే, ఇక దేనికీ పనికిరాదు. అందుకని మా దిక్కు జాలారి అనే స్నానపు బండను ఆ గుంతల పక్కనే వేయించాడు. ఒంటి మీద పోసుకున్న నీళ్లు బండ మీది కాలువలోంచి నేరుగా గుంతల మీదికి పారేవి. చలికాలం కాళ్లు కొంకర్లు పోతుంటే వంటింట్లో పోసుకుంటామని ఏడ్చినా వినేవాడు కాదు. మా అన్న పెళ్లికి అన్న గుంత తవ్వి ఆయన గది కట్టారు. పూత మీద చెయ్యి పెడితే వేసవిలో కూడా చల్లగా ఉండేది. నా గుంత మిగిలింది. అవ్వ నాకు నీళ్లు పోస్తూ, ఇవి నీ ఇంటి గోడకు పోతున్నాయిరా, కదలకుండా కూర్చో అనేది.

నేను నా ఇంటికి ఆ సున్నం వాడలేదు. మా దగ్గర ఫ్యాక్టరీలు లేచాయి, పొడుగు గొట్టాలు లేచాయి, మిద్దెల మీద బూడిద పడడం మొదలైంది. సున్నానికి నెలలు ఆగే ఓపిక ఎవరికీ లేకపోయింది. బాపును పిలిచేవాళ్లు తగ్గారు, గానుగ రాయిని ఎవరో తీసుకెళ్లి హోటల్ ముందు అలంకారంగా పెట్టుకున్నారు. నేను రాతి క్వారీలో పనికి చేరాను. మొదట మా దగ్గరే, తర్వాత పాలమూరు దిక్కు గ్రానైటు క్వారీలో మేనేజరును అయ్యాను. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన వెంటనే ఊళ్లో బాపుకు స్నానాల గది కట్టించాను. సిమెంటుది, తలుపున్నది, కొళాయి ఉన్నది. ముసలాయన బయట చలిలో ఎందుకు తడవాలని ప్రేమతోనే కట్టించాను. తర్వాత పాలమూరులో నా ఇల్లు కట్టుకున్నాను, అదీ సిమెంటుతోనే. బాపు గృహప్రవేశానికి వచ్చాడు, భోంచేశాడు, గోడ మీద చెయ్యి ఒకసారి పెట్టి తీశాడు. నేను కట్టించిన స్నానాల గదిలో మాత్రం ఆయన బతికున్నన్నాళ్లూ కాలు పెట్టలేదు. నేను ఊరికి ఎప్పుడు వెళ్లినా పొద్దున్నే ఆ బండ మీద గోచీ పెట్టుకొని కూర్చొని చెంబులతో గుమ్మరించుకుంటూ కనబడేవాడు. నా సిమెంటు మీద ఇంత కోపమా అనుకునేవాణ్ణి. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయినా ఆ ముల్లు నాలో అట్లాగే ఉండిపోయింది. నేనెవరికీ చెప్పుకోలేదు.

చైనా వెళ్లింది తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు. మా గ్రానైటు దిమ్మెలు ఓడలెక్కి పోయేది ఎక్కువగా షియామెన్ అనే రేవుకే. అక్కడ ఏటా రాళ్ల సంత జరుగుతుంది. మా సేటు తనకు తోడుగా నన్ను తీసుకెళ్లాడు. సుత్తెతో దిమ్మెను తట్టి పగులు ఎక్కడుందో చెప్పగలనని ఆయనకు నా మీద గురి. అక్కడి గోదాములో మా క్వారీ దిమ్మె ఒకటి కనబడింది. మీద ఎర్ర రంగుతో నేను రాసిన నంబరు నా చేతిరాతతోనే ఉంది. దేశంకాని దేశంలో మన ఊరివాడు ఎదురుపడ్డట్టు దాని పక్కన నిలబడి ఫోటో దిగాను. సేటు నవ్వాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు మా అన్న కొడుకు శ్రీను ఫోన్ చేశాడు. అన్న పోయాక ఊళ్లో ఇల్లు చూసుకునేది వాడూ, వదినా. వాడు సిమెంటు లారీ నడుపుతాడు. కారు కొన్నాడు, పెరట్లో షెడ్డు వేయాలి, ఆ గుంత ఉన్న జాగా అడ్డం వస్తున్నది, మొరం మట్టి పోసి పూడ్చేస్తానని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అది ఎప్పుడో ఎండి రాయైపోయి ఉంటుంది, పూడ్చుకో బిడ్డా అన్నాను. వచ్చే గురువారం ట్రాక్టరు మాట్లాడుకుంటానన్నాడు. ఆ గురువారం నేను చైనాలో ఉంటాననేది కూడా నాకు తట్టలేదు.

సంతలో పని మంగళవారానికే అయిపోయింది. బుధవారం సేటుకు కడుపు నొప్పి, గదిలో పడుకున్నాడు. మాకు మాట సాయానికి కుదిర్చిన లిన్ అనే అమ్మాయికి హిందీ వచ్చు. ఆమెది పుస్తకాల హిందీ, నాది హైదరాబాదు హిందీ. నేను రెండు మాటలు మాట్లాడితే ఆమె ఒక మాట పట్టుకునేది, అయినా మాకు బాగానే కుదిరింది. ఖాళీగా ఉన్నారు కదా, మా అమ్మమ్మ వాళ్ల ఊరు చూపిస్తానని గంటసేపు రైల్లో చువాన్‌జౌకు తీసుకెళ్లింది. షియామెన్ ఇంత పెద్ద రేవు కాకముందు అసలు రేవు అదేనట. అరబ్బులు దాన్ని జైతూన్ అనేవారట. అక్కడ ఎర్ర పూల చెట్లు విరివిగా ఉండేవి, ఆ చెట్టు పేరే అరబ్బుల నోట్లో అట్లా తిరిగిందని లిన్ చెప్పింది. మా దగ్గర జైతూన్ అంటే సీసాలో వచ్చే ఆలివ్ నూనె అని నేను చెబితే చాలాసేపు నవ్వింది.

మొదట మ్యూజియంకు వెళ్లాం. రాళ్ల గదిలో నా కాళ్లు ఆగిపోయాయి. ఒక ఏనుగు తొండంతో శివలింగానికి పువ్వు పెడుతున్నది. పక్కన ఇంకో రాతి మీద ఆవు లింగం మీదికి పాలు విడుస్తున్నది. ఒకప్పుడు తమిళ దేశపు వర్తకులు ఇక్కడ కాపురముండి గుడి కట్టుకున్నారని, ఆ గుడి పోయి రాళ్లు మిగిలాయని లిన్ చెప్పింది. నేను భక్తి కంటే ముందు రాయిని చూశాను, అలవాటు ఎక్కడికి పోతుంది. అది మన దేశం నుంచి తెచ్చిన రాయి కాదు, అక్కడి గ్రానైటే. మన వర్తకుడు పక్కన నిలబడి చేతులు తిప్పుకుంటూ చెబుతుంటే అక్కడి శిల్పి విని చెక్కి ఉంటాడు. ఏనుగు చెవులు కాస్త అటూఇటూ అయ్యాయి గాని మొత్తానికి ఏనుగే. ఆ పైన ఓడ గది. సముద్రపు బురదలో వందల ఏళ్లు పడుకొని బయటికొచ్చిన పాత ఓడ, మా ఊరి బడి అంత పొడుగు. మిరియాలు, సుగంధపు కట్టెలు దాంట్లో దొరికాయట. పలకల సందుల్లో తెల్లగా కనబడుతున్నదేమిటని అడిగాను. సున్నం అని చెప్పింది. జనపనార, సున్నం, ఒక రకం చెట్టు గింజల నూనె కలిపి దంచి సందుల్లో కూరేవారట, నీళ్లు రాకుండా. సున్నంతో ఇల్లు కట్టిన బాపును చూశాను గాని, సున్నాన్ని నమ్ముకొని సముద్రంలోకి వెళ్లినవాళ్లున్నారని అప్పుడే తెలిసింది. అక్కడ అద్దం అడ్డముంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నాలుక అక్కడే పని మొదలుపెట్టేది.

మధ్యాహ్నం చేపలవాళ్ల పేటకు వెళ్లాం. ముసలమ్మలు కూడా కొప్పు చుట్టూ పూల చెండ్లు చక్రంలాగా చుట్టుకొని తిరుగుతున్నారు, మన దగ్గర పెళ్లికూతుళ్లు కూడా అన్ని పూలు పెట్టుకోరు. అక్కడ పాత ఇళ్ల గోడలు ఇటుకతో కాదు, ముత్యపుచిప్పల్లాంటి పెద్ద పెద్ద గుల్లలతో కట్టారు. పట్టూ పింగాణీ మోసుకుపోయిన ఓడలు తేలికై తిరిగివస్తే అలలకు బోల్తా కొడతాయని, అడుగున బరువు కోసం దూరపు ఒడ్డుల నుంచి గుల్లలు నింపుకొచ్చేవారట. ఆ గుల్లలే ఇళ్లయ్యాయని వాళ్లు చెప్పుకుంటారు. ఓడ అడుగున పడి ఉండే బరువుతో కూడా ఇల్లు కట్టుకున్న ఆ మనుషులు నాకు భలే నచ్చారు. లిన్ ఫోన్లో మాట్లాడుతూ అటు తిరిగింది. ఒక గోడ సందులో నుంచి సున్నం పెళ్ల చేతికి ఊడొచ్చింది. చుట్టూ చూసి నాలుక మీద పెట్టుకున్నాను, కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి ఆ ఇంటి ముసలామె ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉంది.

తిడుతుందనుకున్నాను. ఆమె నా మొహం, నా పొట్ట చూసి, చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కెళ్లింది. గోడ తినేంత ఆకలితో ఉన్నాడు పాపం, ఎక్కడివాడో అనుకుందట. లిన్ పరుగెత్తుకొచ్చి ఎంత చెప్పినా వినలేదు. అలాంటి గుల్లల్లో దొరికే మాంసం, గుడ్లు కలిపి పెనం మీద పెద్ద అట్టు పోసి నా ముందు పెట్టింది. తెల్లసొన, పచ్చసొన రెండూ ఉన్నాయి. తిన్నాను. మా వదిన కట్టిచ్చిన సకినాల పొట్లం సంచిలో ఉంటే ఆమెకు ఇచ్చాను. ఆమె ఒకటి కొరికి, పళ్లు పట్టుకొని, మిగతావి టీలో ముంచుకొని తిన్నది. నా తండ్రి సున్నపు మేస్త్రి అని లిన్ చేత చెప్పించాను. ఆమె తన భర్త కూడా ఈ గోడలు బాగుచేసేవాడని, చచ్చేదాకా చేతులు తెల్లగానే ఉన్నాయని చెప్పింది. బాపు రాత్రిళ్లు చేతుల పగుళ్లకు ఆముదం రాసుకునేవాడని నేను చెప్పాను. ఆమె తల ఊపింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది.

అక్కడి నుంచి పాత వంతెన చూడ్డానికి వెళ్లాం. నది సముద్రంలో కలిసే చోట రాతి స్తంభాల మీద రాతి దూలాలు, వెయ్యేళ్ల నాటిదన్నారు. అలల పోటుకు పునాది రాళ్లు జారిపోతుంటే, ఆ కాలపు మేస్త్రీలు రాళ్ల మీద గుల్లపురుగులను పెంచారట. అవి రాయికీ రాయికీ మధ్య తమ గుల్లలు అతుక్కుంటూ పెరిగి మొత్తాన్ని బిగించేశాయి. గుల్ల కూడా సున్నమే కదా, సున్నాన్ని పూయలేదు, పెంచారు. బాపు ఉండి వింటే రెండు రోజులు అన్నం మానేసి ఆలోచించేవాడు. రాళ్ల మీద ఇంకా గరుకు గరుకుగా గుల్లలు కనబడుతున్నాయి. ఇన్నేళ్లు ఎట్లా నిలిచిందని నేను లిన్‌ను అడిగాను. దినానికి రెండుసార్లు పోటు వచ్చి తడుపుతుంది కదా, తడి ఆగనంత కాలం అవి బతికే ఉంటాయి, ఎండితేనే చస్తాయి అని ఆమె మామూలుగా చెప్పేసి, ఫోటో తీస్తాను నవ్వండి అంది.

నాకు నవ్వు రాలేదు. నా గుంత మీదికి నీళ్లు పారడం ఎప్పుడు ఆగింది? బాపు పోయేదాకా ఆ బండ మీదే స్నానం చేశాడు. ఆ తర్వాత? నాకు తెలియదు. ఎండి రాయైపోయిందని శ్రీనుకు చెప్పానే గాని, నేను ఎప్పుడైనా మూత తీసి చూశానా? రేపే గురువారం. నా ఫోన్‌లో ఇక్కడ వాడే మెసేజీలేవీ అక్కడ పోవడం లేదు. లిన్ ఫోన్ తీసుకొని నంబరు కొట్టాను. రెండుసార్లు ఎవరో చైనా మనిషి ఎత్తాడు. మూడోసారి శ్రీను.

"శ్రీనూ, మొరం పోయకు బిడ్డా."

"ఇప్పుడే ఒక ట్రాక్టర్ గుమ్మరిచ్చిపోయిండు చిన్నాయినా. ఇంకో మూడు రావాలె. నువ్వే గద సరేనంటివి."

"ఆపు. పైస పోతే పోనీ. నేనొచ్చి చూసేదాక చెయ్యి పెట్టకు."

"గురువారమంటే ఇయ్యాలనే వచ్చిండు, నేనేం చెయ్యాలె" అని వాడు గొణిగాడు. వెనక నుంచి వదిన గొంతు వినిపించింది. నేను ముందే చెప్పలేదా, వాళ్ల నాయిన సొమ్ము, వాడొచ్చేదాకా ఆగమని అంటున్నది. ఫోన్ తిరిగిచ్చేశాను. లిన్ ఏమైందని అడిగింది. మా ఇంటి పోటు ఆగిపోయిందేమో చూడాలని చెప్పాను. ఆమెకు అర్థమైందో లేదో తెలియదు, కాని తిరుగు రైల్లో నా పక్కన కూర్చొని, ఈ ఊరి రేవు ఇసుక మేట వేసి మూతపడ్డదని, ఓడలన్నీ వేరే రేవులకు పోయాయని చెప్పుకొచ్చింది. పని పోయిన ఊరు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. వీళ్లు మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. చిప్పల గోడలు అతికించుకున్నారు, పూలు పెట్టుకున్నారు, దారినపోయేవాణ్ణి లాక్కొచ్చి అట్టు పెట్టారు.

హైదరాబాదులో దిగి పాలమూరుకు పోకుండా నేరుగా ఊరికి పోయాను. పెరట్లో మొరం కుప్ప సగం గుంత మీద పడి ఉంది. శ్రీను గునపం పట్టాడు, నేను పార పట్టాను. అరవై దాటినవాణ్ణి, పది పారలకే ఆయాసం. కుప్ప తీశాక ఇసుక వచ్చింది, తర్వాత నల్లబడిన తాటాకులు, ఆ కింద గట్టి పెచ్చు. చూడు, రాయే అన్నాడు శ్రీను. అయినా వెయ్యి అన్నాను. పెచ్చు మీద గునపం పోటు వేశాడు, అది పగిలింది. గునపం చప్పుడు లేకుండా మూరెడు లోపలికి దిగిపోయింది. లాగితే కొసన తెల్లగా, మెరుస్తూ, గేదె పాల వెన్నలాగా సున్నం వచ్చింది.

వదిన నా కంటే ముందు వేలు పెట్టింది. అవ్వ పోయాక ఈ ఇంట్లో ఆకు నమిలే అధికారం ఆమెదే. ఆకుకు రాసుకుంది, వక్క వేసుకుంది. శ్రీనూ నేనూ ఆమె దవడలకేసి చూస్తూ నిలబడ్డాం. "కోపమే లేదు దీంట్ల" అంది చివరికి.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అప్పుడే ఇన్నేళ్ల మాట నోరు జారింది. సున్నానికి పోయింది గాని బాపుకు పోలేదు వదినా, నేను కట్టించిన బాత్రూంలో ఒక్కనాడు కాలు పెట్టలేదు కదా అన్నాను. వదిన నా వైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"నీ మీద కోపమనుకున్నవా? ఆ బాత్రూంల పోసుకుంటె నీళ్లు మోరీలకు పోతయ్, నీ గుంత ఎండిపోతదని. జెరమొచ్చినప్పుడు గుడ గీ బండ మీద్నే పోసుకున్నడు. చిన్నోడు ఎప్పటికన్న అడుగుతడు, అప్పుడు వాని చేతుల రాయి పెట్టాల్నా అనెటోడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? వచ్చినప్పుడల్ల బాత్రూం దిక్కు చూసి మూతి ముడుసుకొని పోతుంటివి. బాపు పోయినంక గిన్నెలు నేను ఏడ తోముతున్న మరి? ఇంట్ల సింకు లేకనా?"

నేను ఆ బండ మీద కూలబడ్డాను. పద్దెనిమిదేళ్లుగా ఆమె మూడు పూటలా గిన్నెలు అక్కడే తోమింది. బియ్యం కడిగిన నీళ్లు అక్కడే పోసింది. నేను చూస్తూనే ఉన్నాను. వదినకు కొత్త సింకు అలవాటు కాలేదని కూడా ఒకసారి వేళాకోళం చేశాను. శ్రీను వెళ్లి ట్రాక్టరువాడికి ఫోన్ చేసి, మొరం ఎత్తుకుపొమ్మన్నాడు. షెడ్డు ఇంటి ముందుకు జరిగింది. అక్కడ కారుకు సాయంత్రపు ఎండ కాస్త తగులుతుంది, తగలనీ.

ఆ గుంత పక్కనే నాకొక గది లేపుతున్నారు ఇప్పుడు. మేస్త్రి దొరకడమే కష్టమైంది. బాపు దగ్గర సున్నం మోసిన ఒక ముసలాయన కోదాడలో ఉన్నాడని తెలిసి కారులో తీసుకొచ్చాం. గానుగ లేదు, రోట్లో దంచుతున్నారు. తెల్లసొన గోడకు పోయాక మిగిలిన పచ్చసొన ఏం చేయాలని శ్రీను భార్య అడిగింది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేయమన్నాను. చిన్నప్పటిలాగే ఉంది, మందు మాత్ర ఒకటి వేసుకోవలసి వచ్చింది, అంతే తేడా. ఆ రోజుల్లో ఓపిక ఉండేది, ఇప్పుడు లేదని నేను అందరికీ చెప్పుకు తిరిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పడం మానేశాను. ఓపిక మా ఇంట్లోనే పెరట్లో కూర్చొని గిన్నెలు తోముతుంటే చూడనివాణ్ణి, నేనేం చెబుతాను.

గుంత తవ్విన మర్నాడు పొద్దున్నే లేచి, తువ్వాల కట్టుకొని, బకెట్టు పట్టుకొని బండ మీద కూర్చున్నాను. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. నీళ్లు కాళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉన్నాయి, బాపు జ్వరంతో ఎట్లా పోసుకున్నాడో. మొదటి చెంబు పోసుకొని కేక పెట్టాను. శ్రీను పళ్లు తోముకుంటూ వచ్చి, లోపల గీజరు ఉన్నది కదా చిన్నాయినా, వేడి నీళ్లు వస్తాయి అన్నాడు. అయితే ఒక బకెట్టు పట్టుకొని రా అన్నాను. లోపలికి రావా అని అడిగాడు. రానన్నాను. వాడు బకెట్టు తెచ్చి నా వీపు మీద తానే ఒక చెంబు పోశాడు. నీళ్లు బండ మీంచి కాలువలోకి దిగి, గుంత వైపు పోయాయి.